కుర్చీని తిరగేసి చూస్తే

గత అక్టోబరులో చికాగోకు పడమటి దిక్కున ఉన్న ఒక చిన్న ఊరిలో, యజమానులు కాలం చేశాక ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టే ఎస్టేట్ సేల్ ఒకదానికి వెళ్లాను. పై అంతస్తులో గాజుసామాను, వెండి చెంచాల దగ్గర జనం మూగి ఉండగా, నేలమాళిగలో రంగు డబ్బాల బరువు మోస్తూ నాలుగు కుర్చీలు కనిపించాయి. వాటి మీద ఎవరో ఎప్పుడో పూల గుడ్డతో మెత్తలు కుట్టి, నాడాలతో కాళ్లకు కట్టేశారు. మెత్త ఎత్తి చూస్తే కింద తెగి వేలాడుతున్న కాగితపు తాడు అల్లిక కనిపించింది. ఒక కుర్చీని ఎత్తి తలకిందులు చేసి, ఫోను దీపాన్ని ఏటవాలుగా పట్టి లోపలి పట్టె వెంట మెల్లగా జరిపాను. మసకబారిన కాల్చిన ముద్రలో ముందు 'డెన్మార్క్' అనే మాట, కాసేపటికి 'మోలర్' అనే పేరు అక్షరం అక్షరంగా బయటపడ్డాయి. నాలుగింటికీ కలిపి 160 డాలర్లు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ ముద్ర కనిపించకపోయినా వాటిని కొనేవాడినే. పాత డెన్మార్క్ కుర్చీల పిచ్చి పట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నేర్చుకున్నదేమిటంటే, పేరు చూసి కుర్చీని నమ్మడం కన్నా కుర్చీని చూసి పేరును నమ్మడం మేలు. తయారీదారు పేరున్న లోహపు బిళ్లలను ఒక కుర్చీ నుంచి ఊడదీసి మరొక దానికి కొట్టవచ్చు, కాగితపు చీటీలు రాలిపోతాయి, కాల్చిన ముద్రలను గరుకు కాగితంతో రుద్ది తెలియక చెరిపేసిన వారూ ఉన్నారు. కర్ర, అతుకు, మేకు మాత్రం అంత సులువుగా అబద్ధం చెప్పలేవు.

డెన్మార్క్ కుర్చీలు అమెరికా మధ్యప్రాంతపు నేలమాళిగలలోకి ఎలా వచ్చాయన్నది ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే గుర్తింపులో సగం ఆ చరిత్రలోనే ఉంది. కోపెన్‌హేగన్‌లోని రాయల్ అకాడమీలో 1924లో కారె క్లింట్ అనే రూపకర్త ఆధ్వర్యంలో ఫర్నిచర్ రూపకల్పన బోధన మొదలైంది. అక్కడి వడ్రంగి సంఘం 1927 నుంచి 1966 వరకు ఏటేటా ప్రదర్శనలు పెట్టి, రూపకర్తలనూ చేతిపని వారినీ ఒకచోటికి చేర్చింది. హాన్స్ వెగ్నర్, ఫిన్ యూల్ వంటి వారు ఆ ప్రదర్శనలలో పైకి వచ్చినవారే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1954 నుంచి 1957 వరకు 'డిజైన్ ఇన్ స్కాండినేవియా' అనే ప్రదర్శన అమెరికా, కెనడా నగరాలలో తిరిగింది. 1960లో అధ్యక్ష పదవికి పోటీపడిన కెనెడీ, నిక్సన్‌ల మధ్య జరిగిన మొదటి టీవీ చర్చలో వారు కూర్చున్నది 1949లో వెగ్నర్ గీసిన గుండ్రటి కుర్చీలలోనే, ఆ చర్చ జరిగింది కూడా ఈ చికాగోలోనే. కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్న మధ్యతరగతి వారు ఆ కాలంలో ఇలాంటి కుర్చీలను కొన్నారు, వారి పిల్లలు వాటిని నేలమాళిగలోకి దింపారు, ఇప్పుడు మనుమలు అమ్ముతున్నారు.

నా కుర్చీలు చేసిన కార్ఖానాను నీల్స్ ఒట్టో మోలర్ 1944లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా పని నేర్చిన వడ్రంగి. తన కుర్చీలకు పేర్లు పెట్టకుండా అంకెలు వేశాడు. 71 అనే నమూనా 1951 నాటిది, 75 అనేది 1954 నాటిది, 78 అనేది 1962 నాటిది. ఆ కార్ఖానా నేటికీ నడుస్తోంది, ఆ నమూనాలను నేటికీ చేస్తోంది. పాత కుర్చీని గుర్తించే వారికి ఇంతకన్నా మంచి ఆసరా లేదు, ఎందుకంటే అమ్మకందారు చెప్పే మాటలతో నిమిత్తం లేకుండా, కార్ఖానా ఇచ్చే ఎత్తు, వెడల్పు, లోతు కొలతలను టేపుతో సరిచూసుకోవచ్చు. నావి 75 అని నేను తేల్చుకున్నది అలాగే.

కొలతల మాట వచ్చింది కనుక నేను ఎక్కువగా నమ్మే ఒక చిన్న పరీక్ష చెబుతాను. డెన్మార్క్ వడ్రంగులు మిల్లీమీటర్లలో పనిచేశారు, అమెరికా కార్ఖానాలు అంగుళాలలో పనిచేశాయి. పట్టె మందాన్ని, కాలి అడుగు వ్యాసాన్ని, మేకుల మధ్య ఎడాన్ని కొలిస్తే, ఒక కుర్చీలో వరసగా నిండు మిల్లీమీటర్లు వస్తాయి, మరొక దానిలో ముప్పాతిక అంగుళాలు, అంగుళంబావులు వస్తాయి. కర్ర ఎండి కొంత కుదించుకుపోతుంది కనుక ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదు. పది కొలతలు ఒకే వైపు మొగ్గితే మాత్రం ఆ మొగ్గును లెక్కలోకి తీసుకోవలసిందే. 'మేడ్ ఇన్ డెన్మార్క్' అని ఇంగ్లీషులో ముద్ర ఉండటం కూడా ఇటువంటి సాక్ష్యమే. దిగుమతి అయిన సరుకు మీద పుట్టిన దేశం పేరు కొనేవారికి అర్థమయ్యేలా ఉండాలని అమెరికా చట్టం అప్పటికే చెబుతోంది. అందువల్ల ఆ మాట కనిపిస్తే, అది ఎగుమతి కోసమే తయారైన కుర్చీ అని ఊహించవచ్చు.

తరువాత చూడవలసింది కర్రను. ఇక్కడ మనకు పుట్టుకతో వచ్చిన ఒక సౌకర్యం ఉంది, ఎందుకంటే టేకు తలుపుల మధ్య పెరిగిన వారికి టేకును ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. ఇంగ్లీషులోని 'టీక్' అన్న మాట మలయాళంలోని 'తేక్కు' నుంచి పోర్చుగీసు వారి నోట నలిగి అక్కడికి చేరింది. మన 'టేకు' దానికి తోబుట్టువు. అమెరికాలో అదే కాలంలో అదే పోకడలో చేసిన కుర్చీలు చాలావరకు వాల్‌నట్, అంటే అక్రోటు జాతి చెట్టు, కర్రవి. ఎండకు టేకు బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది, వాల్‌నట్ చాక్లెట్ రంగు నుంచి లేత పసుపుకు వెలుస్తుంది. పై రంగు చూసి మోసపోకుండా ఉండాలంటే ఎవరూ నూనె పూయని, ఎండ తగలని అడుగు భాగాన్ని చూడాలి. కనిపించని చోట గరుకు కాగితంతో ఒక్కసారి గీస్తే వచ్చే పొడిని వాసన చూస్తే సంశయం తీరుతుంది. టేకు పొడికి పాత తోలు వంటి ఘాటైన వాసన ఉంటుంది, వేళ్లకు జిడ్డుగా తగులుతుంది. నేను ఆ పొడిని మూడు నాలుగు సార్లు అవసరానికి మించి వాసన చూశానని ఒప్పుకోవాలి. అది మా ఊరి సామిల్లు వాసన.

రోజ్‌వుడ్ కుర్చీ దొరికితే మాత్రం ఆనందంతో పాటు జాగ్రత్త కూడా అవసరం. మన జిట్రేగికి దగ్గరి బంధువైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు. పాత కుర్చీ అయినా సరే, అనుమతి పత్రాలు లేకుండా దానిని దేశం దాటించడం నేరమవుతుంది. ఇండియాకు తిరిగి వెళ్లిపోతూ కంటైనరులో సామాను సర్దుకునే మనవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక మేకులు. మోలర్ కుర్చీల కూర్చునే చట్రానికి లోపలి వైపున, నాలుగు పట్టెల వెంట 'ఎల్' ఆకారంలో వంగిన చిన్న ఇనుప మేకులు వరసగా ఉంటాయి. కాగితపు తాడు పట్టె మీదుగా కిందికి దిగి, ఆ మేకుకు తగులుకుని, మళ్లీ పైకి వెళుతుంది. నకళ్లలో, తరువాత ఎవరో మరమ్మతు చేసిన వాటిలో ఆ చోట స్టేపుల్ పిన్నులు కనిపిస్తాయి. అయితే ప్రతి డెన్మార్క్ కుర్చీకీ ఈ మేకులు ఉండాలన్న నియమం లేదు. 1949లో వెగ్నర్ గీసి, మరుసటి ఏడు నుంచి నేటి వరకు తయారవుతున్న విష్‌బోన్ కుర్చీలో తాడు నాలుగు మూలల నుంచి నడిమికి కవరు మడతలా అల్లుకుంటుంది, దానికి మేకుల పని లేదు. దాని సీటుకు సుమారు 120 మీటర్ల తాడు పడుతుందని తయారీదారులు చెబుతారు.

అరుగుదలను కూడా చదవాలి. అరవై ఏళ్లు మనుషులు కూర్చున్న కుర్చీకి కాళ్ల అడుగు అంచులు, వెనక్కి లాగేటప్పుడు చేయి పడే వీపుపలక పై భాగం, ముందు పట్టె మీద మోకాలి వెనుక తగిలే చోటు ఎక్కువగా అరిగి ఉంటాయి. అన్ని వైపులా సమానంగా అరిగిన కుర్చీని చూస్తే నాకు అనుమానం వస్తుంది. అది మనిషి చేతి అరుగుదల అయి ఉండదు, యంత్రపు అరుగుదల అయి ఉంటుంది.

గుర్తింపు అయ్యాక బాగుచేత. ఇక్కడ ముందుగా నా పాత తప్పును చెప్పుకోవాలి. ఆరేళ్ల కిందట దొరికిన మొదటి టేకు కుర్చీని కొత్తదానిలా చేయాలన్న ఉత్సాహంతో, యంత్రం పెట్టి రుద్ది, పైన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ జాతి వార్నిష్ పూత రెండు సార్లు వేశాను. వడ్రంగి వంపులో వదిలిన సన్నటి అంచు గీతలన్నీ వాడిన సబ్బుబిళ్ల అంచుల్లా కరిగిపోయాయి. అడుగున ముద్ర ఉండిందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ కుర్చీ ఇంకా నా దగ్గరే ఉంది, ప్లాస్టిక్ కవరు తొడిగినట్టు మెరుస్తూ ఉంటుంది. దాన్ని అమ్మడానికి మనసు రాలేదు, కొన్నవారికి నా తప్పును అంటగట్టినట్టు అవుతుంది.

ఈ నాలుగు కుర్చీలలో మొదట చేసినది అతుకుల పని. ఈ నమూనాకు కాళ్ల మధ్య అడ్డకర్రలు లేవు, కనుక మనిషి వెనక్కి వాలినప్పుడల్లా బరువంతా వెనుక కాలు, పక్క పట్టె కలిసే అతుకు మీద పడుతుంది. చికాగో చలికాలంలో ఇంటిలో హీటర్లు గాలిని ఎండగొడతాయి, కర్ర కుదించుకుంటుంది, వేసవిలో మళ్లీ ఉబ్బుతుంది. ఏటేటా జరిగే ఈ కదలికకు పాత జిగురు పొడిపొడిగా విరిగిపోతుంది. ఒక చేత్తో వెనుక కాలిని, మరో చేత్తో సీటు పట్టెను పట్టుకుని మెల్లగా వ్యతిరేక దిశలలో ఊపితే ఏ అతుకు వదులైందో వేళ్లకే తెలుస్తుంది. నాలుగు కుర్చీలలో రెండింటికి ఒక్కొక్క అతుకు, ఒకదానికి మూడు అతుకులు ఊడదీయవలసి వచ్చింది. నాలుగోది గట్టిగా ఉంది.

గట్టిగా ఉన్న అతుకును బలవంతంగా ఊడదీయకూడదు. వదులైన దానిని మాత్రం విప్పాలి, పగులులోకి సూదితో జిగురు ఎక్కించి సరిపెట్టుకుంటే ఏడాది తిరగకుండానే మళ్లీ ఊగుతుంది. నేను వేడినీటిని సన్నటి సూదితో అతుకులోకి ఎక్కించి, కాసేపు ఆగి, రబ్బరు సుత్తితో గుడ్డ అడ్డం పెట్టి చిన్నచిన్న దెబ్బలు వేశాను. పాత జిగురు మెత్తబడి పట్టు వదిలింది. ఆ తరువాతి పని విసుగు పుట్టించేది, ఎవరూ వీడియోలలో చూపించనిది. బెజ్జం గోడలకూ, దానిలో దిగే కుసికీ పట్టి ఉన్న పాత జిగురును ఉలి అంచుతో గోకి గోకి కర్ర కనిపించే దాకా తీసేయాలి. ఫెవికాల్ జాతి తెల్ల జిగురు కర్ర నారలోకి దిగి పట్టుకుంటుంది, ఎండిన జిగురు మీద అంటదు. అలాగని కర్రను గోకేస్తే అతుకు వదులైపోతుంది. టేకుకు తనదైన నూనె ఉంటుంది కనుక జిగురు పెట్టే ముందు రెండు ముఖాలనూ నూనెను కరిగించే అసిటోన్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే అతికించాను. బిగింపు పట్టీ చుట్టి, కుర్చీని చదునైన గ్రానైటు పలక మీద నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూసి ఒక రోజు అలాగే వదిలేశాను. జిగురు ఆరాక కాలు ఎత్తుగా ఉందని తెలిస్తే కాలి అడుగును కోయడం తప్ప దారి ఉండదు, ఆ అవసరం ఎవరికీ రాకూడదు.

పై పూత విషయంలో నేను చేసింది చాలా తక్కువ. మినరల్ స్పిరిట్స్ అనే రంగు పలచన చేసే ద్రావకంతో తడిపిన గుడ్డతో అరవై ఏళ్ల మురికిని తుడిస్తే నల్లటి టీ రంగు దిగింది, కింద కర్ర బాగానే ఉంది. గ్లాసు అడుగు మచ్చలు రెండు కనిపించిన చోట మాత్రం అత్యంత సన్నటి గరుకు కాగితంతో, నార వెంబడే, చేత్తో రుద్దాను. తరువాత నూనెను పలచగా పూసి, పావుగంట ఆగి, కర్ర తాగని నూనెను పూర్తిగా తుడిచేశాను. తుడవకుండా వదిలేస్తే అది బంకలా గడ్డకట్టి దుమ్మును పట్టుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకూడదు. ఎండిపోయే జాతి నూనెలు గాలితో కలిసేటప్పుడు వేడి పుట్టిస్తాయి, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తాను అంటుకుంటుంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఎండబెట్టాలి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో మూత పెట్టి ఉంచాలి.

ఇక నాకు అసలు ఇష్టమైన పని, అల్లిక. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సముద్రపు గడ్డితో పేనిన తాడు దొరకక, డెన్మార్క్ వారు గట్టి గోధుమరంగు కాగితాన్ని మెలిపెట్టి మూడు పేటలుగా పేని తాడు చేయడం మొదలుపెట్టారు. యుద్ధం పోయింది, తాడు నిలిచిపోయింది. పైకి పెళుసుగా కనిపించినా అది దశాబ్దాలు నిలుస్తుంది. నేలమాళిగ తేమ, పిల్లి గోళ్లు, సీటు మీద నిలబడి దీపం మార్చే మనుషులు దానికి శత్రువులు.

పాత తాడును కోసే ముందు పై నుంచీ కింది నుంచీ ఫొటోలు తీసుకున్నాను. ముందు పట్టె మీద ఎన్ని జతల తాళ్లు పోయాయి, జతకూ జతకూ మధ్య పట్టె చుట్టూ ఎన్ని చుట్లు పడ్డాయి, పక్క పట్టెలకు ఎన్ని వరసలు వచ్చాయి అన్నవి కాగితం మీద రాసుకున్నాను. దీనికి వేరే పేర్లు వెతకనక్కరలేదు, ఇది పడుగు, పేకల లెక్కే. ముందు నుంచి వెనుకకు జతలుగా పోయేది పడుగు, ఆ తరువాత పక్క నుంచి పక్కకు పడుగు జతల మీదుగా, కిందుగా పోయేది పేక. పేక తాడును మడతగా పట్టుకుని ఒక పక్క నుంచి రెండో పక్కకు లాగి, పట్టె మీదుగా దింపి, లోపలి మేకుకు తగిలించాలి. తాడును ఒక్కసారి నీళ్లు చిలకరించి మెత్తబరిస్తే చేతికి లొంగుతుంది, ఆరాక బిగుస్తుంది. ఎక్కువ తడిపితే మాత్రం పేటలు విడిపోయి నాసిరకం పురికొసలా తేలిపోతుంది.

మా తాతగారు ఏటా వేసవిలో చింతచెట్టు కింద నులక మంచాలు అల్లేవారు. నాన్న ఆయనకు తాడు అందించిన మనిషి. వీడియో కాల్‌లో నా మొదటి అల్లికను చూపించినప్పుడు నాన్న కాసేపు మాట్లాడకుండా చూసి, "పడుగు వదులుగా ఉంది నాయనా. పేకతో దాన్ని బిగిద్దామని చూస్తున్నావు, అది జరగదు. విప్పెయ్యి" అన్నారు. విప్పేశాను, ఆరు గంటల పని పోయింది. ఆయన చెప్పిందే నిజం. పడుగును మొదట్లోనే వీణ తీగలా కాకపోయినా వేలితో మీటితే మోగేంత బిగువుగా వేయాలి, పేక పడుతున్నకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. చివరి నాలుగైదు వరసలలో వేలు దూరదు, మొద్దుబారిన చెక్కపుల్లతో సందు చేసుకుని తాడును గుచ్చి లాగవలసి వస్తుంది. అలా లాగవలసి వచ్చిందంటే పడుగు సరిగా పడిందని అర్థం.

నులక మంచానికీ ఈ సీటుకూ తేడాలు రెండున్నాయి, రెండూ నన్ను ఇబ్బంది పెట్టినవే. మంచం నాలుగు పట్టెలూ ఎదురెదురుగా సమానం, కుర్చీ సీటు ముందు వెడల్పు, వెనుక ఇరుకు. వెనుక పట్టె మీద పడుగు జతలు నిండిపోయేసరికి ముందు పట్టె మీద రెండు కొసలలో ఇంకా ఖాళీ మిగిలి ఉంటుంది, దాన్ని ముందు పట్టె చుట్టూ ఒత్తుగా చుట్లు చుట్టి పూడ్చాలి. ఎడమ కొసన ఎన్ని చుట్లు పడితే కుడి కొసనా అన్నే పడాలి, లేకపోతే పేక వరసలు ఏటవాలుగా పోతాయి. రెండో తేడా ఇంకా కఠినమైనది. మంచం కుంగితే కాళ్ల వైపున ఉన్న బిగింపు తాడును మళ్లీ లాగి కట్టుకోవచ్చు, తాతగారు నెలకొకసారి ఆ పని చేసేవారు. ఈ సీటుకు అటువంటి సదుపాయం లేదు. మేకులకు తగిలించి చివరి ముడి వేసిన రోజున ఎంత బిగువు ఉందో, ఆ పైన అంతకు తగ్గడమే గాని పెరగడం ఉండదు.

ఒక్కొక్క సీటుకు నాకు 140 మీటర్ల దాకా తాడు పట్టింది. విప్పిన దానిని లెక్కలోకి తీసుకోకుండా మొదటి కుర్చీకి పద్నాలుగు గంటలు, మూడోదానికి ఏడు గంటలు పట్టాయి. తుప్పు పట్టి విరిగిన మేకులు మూడు చోట్ల ఉన్నాయి. వాటి మొదళ్లను పట్టకారుతో లాగితే పట్టె చీలుతుందని భయపడి, అవి అలాగే ఉంచి పక్కనే సన్నటి రంధ్రం చేసి కొత్త మేకులు దింపాను. కొత్త తాడు లేత రంగులో, పాత కర్ర పక్కన కాస్త వింతగా కనిపిస్తోంది. వెలుతురు తగులుతూ ఉంటే రెండు మూడేళ్లలో తేనె రంగుకు వస్తుంది. ఆ రంగును ముందే తెప్పించడానికి టీ నీళ్లు పూసేవారు ఉన్నారు, నేను పూయలేదు.

నాలుగో కుర్చీని మాత్రం తుడిచి, నూనె రాసి వదిలేశాను. దాని అతుకులు గట్టిగా ఉన్నాయి, సీటులో పేక తాళ్లు రెండే తెగాయి, కూర్చుంటే కుర్చీ ఇంకా మోస్తుంది. కార్ఖానాలో ఎవరు అల్లారో తెలియదు గాని, అడుగున చివరి ముడిని పడుగు జతల కింద ఎలా దాచారో, తాడు సగంలో అయిపోయిన చోట కొత్త తాడును పక్క పట్టె లోపలి వైపున ఎలా ముడివేశారో అన్నీ దానిలో కనిపిస్తాయి. మిగతా మూడింటిని అల్లేటప్పుడు చేయి ఆగిన ప్రతిసారీ దాన్ని బల్ల మీద తలకిందులుగా పెట్టుకుని చూశాను. నా ముడులు ఇంకా దాని ముడులంత చిన్నగా రావడం లేదు.